‘న హన్యతే’ను ‘చావదు’ అంటే సరిపోతుందా?

మైత్రేయీదేవి బెంగాలీలో రాసిన నవల ‘న హన్యతే’ పేరును తెలుగులో ‘చావదు’ అంటే చాలదా అని ఒక మిత్రులు అడిగారు. చాలదనే నా అభిప్రాయం.

గీత 2వ అధ్యాయంలోని 20వ శ్లోకం ‘న జాయతే మ్రియతే వా’ అని మొదలై ‘న హన్యతే హన్యమానే శరీరే’ అని ముగుస్తుంది. శరీరాన్ని చంపుతున్నా ఆత్మ చంపబడదని దాని అర్థం. కఠోపనిషత్తులోనూ చివరి పాదం ఇదే. మ్రియతే అంటే చావడం. దానికి ఆయువు తీరితే చాలు. హన్యతే అన్నచోట చంపేవారొకరు ఉండాలి. ‘చావదు’ అనగానే వారు వాక్యంలోంచి జారిపోతారు. ఈ పుస్తకంలో జారిపోకూడనిది అదే.

1930లో కలకత్తాలో తత్త్వశాస్త్ర ఆచార్యులు సురేంద్రనాథ దాసగుప్త ఇంట శిష్యుడిగా ఉన్న రుమేనియా యువకుడు మిర్చా ఎలియాడేకు 23 ఏళ్లు, గురువు కూతురు మైత్రేయికి 16. వాళ్ల ప్రేమ సంగతి తెలిసి ఆమె తండ్రి అతన్ని ఇల్లు విడిచి పొమ్మన్నారు. 1933లో అతను ఆమె అసలు పేరునే శీర్షికగా పెట్టి, ఆమెకు రాని భాషలో నవల అచ్చువేశాడు. అందులో తన గురించి ఏం రాశాడో ఆమెకు తెలిసేసరికి దాదాపు నాలుగు దశాబ్దాలు గడిచాయి. 1974లో వచ్చిన ‘న హన్యతే’ను ఆ నవలకు జవాబుగా మాత్రమే చదవడం అన్యాయం. అరవయ్యో పడికి చేరువైన గృహిణి, భర్తా పిల్లలూ ఉండగానే, పదహారేళ్లనాటి ప్రేమ తనను ఇంకా పట్టి కుదుపుతోందని దాపరికం లేకుండా రాశారు. అంత ధైర్యం నన్ను ఈనాటికీ కదిలిస్తుంది.

పాదంలోని నాలుగు మాటల్లో శీర్షిక రెండే తీసుకుంది. శరీరం బయటే ఉండిపోయింది. ఏది చావదో చెప్పే పదం అందులో లేదు. ఆత్మ అనుకోవచ్చు, ప్రేమ అనుకోవచ్చు, ఆమే అనుకోవచ్చు. ఇక్కడ తెలుగు కలిసొస్తుంది, ‘చావదు’ అన్న క్రియ ‘అది’కీ ‘ఆమె’కీ ఒకటే కనుక. కథలో ఆమె తనకు పెట్టుకున్న పేరు అమృత. అందులో ఉన్నది శ్లోకం మొదట్లోని ‘మ్రియతే’లో ఉన్న ‘మృ’ ధాతువే.

‘చంపబడదు’ వ్యాకరణానికి సరే కాని నోటికి రాదు. నేనైతే ‘చంపినా చావదు’ అంటాను. ‘హన్యమానే’లోని సతిసప్తమి (ఒక పని జరుగుతుండగా అని చెప్పే సంస్కృత ప్రయోగం) అర్థం కూడా ‘చంపినా’లో దొరుకుతుంది. మోటుగా ఉందని కొందరికి తోచవచ్చు. మా అమ్మమ్మ పెరట్లో తుంగ పీకుతూ అనే మాట అది. పైన గడ్డి చేతికొచ్చేది, గడ్డ మట్టిలోనే మిగిలేది, నాలుగు రోజులకు అదేచోట మళ్లీ సూదిలాంటి పచ్చని మొలక కనబడేది. ఇంతకన్న దగ్గరి మాట మీకు తోస్తే రాయండి.