రెండు నిమిషాల థ్రిల్లర్ ఓపెనింగ్: రొయ్యల చెరువు సీన్‌లో టెన్షన్ ఎందుకు రావట్లేదు?

రీల్_భీమవరం

అందరికీ నమస్తే అండి. కాలేజీ ప్రాజెక్టుకి థ్రిల్లర్ సినిమా మొదటి రెండు నిమిషాలు మాత్రమే తియ్యాలి. కథంతా అక్కర్లేదు, చూసినవాళ్ళకి "తర్వాతేంటి" అనిపిస్తే చాలు.

మేం అనుకున్నది ఇది. భీమవరం పక్క ఊళ్ళో రొయ్యల చెరువు, తెల్లవారుజాము. మకాంలో (గట్టు మీది కాపలా పాకలో) ఒక కుర్రాడు కాపలా ఉంటాడు. ఉన్నట్టుండి ఏరియేటర్లు (నీళ్ళని చిలికి ఆక్సిజన్ కలిపే కరెంటు చక్రాలు) ఆగిపోతాయి. టార్చి పట్టుకుని గట్టు మీదకి వెళ్తాడు. వెనకాల నల్ల హుడీలో ఎవరో నిలబడి ఉంటారు. కట్, టైటిల్.

టెస్ట్ వెర్షన్ ఒకటి ఎడిట్ చేశాం. షాట్లు ముప్పై దాటాయి. అంతా హ్యాండ్‌హెల్డ్, స్పీడ్ కటింగ్, నెట్‌లో దొరికిన గుండె చప్పుడు, దాని కింద బరువైన డ్రోన్ సౌండ్ (ఆగకుండా మోగే లోతైన హోరు). చివర్లో అందరూ ఉలిక్కిపడుతున్నారు గానీ అప్పటిదాకా పక్క చూపులే చూస్తున్నారు. మా దగ్గర ఏపీఎస్-సీ (మధ్య సైజు సెన్సర్) కెమెరా, 18-55 కిట్ లెన్స్, 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్, ట్రైపాడ్, చిన్న రికార్డర్, రెండు ఎల్ఈడీ ప్యానెల్స్ ఉన్నాయి. కెమెరా పనిలో ఏం మార్చాలో చెప్పండి.

ఎడిట్_టేబుల్

కెమెరా సంగతి తర్వాతండీ, ముందు వరస మార్చండి. మీ కట్‌లో ఆ మనిషి ఉన్నాడన్న సంగతి కుర్రాడికీ ప్రేక్షకుడికీ ఒకేసారి తెలుస్తోంది. దాంతో వచ్చేది ఒక్క ఉలికిపాటు, అంతే. సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్ 1962లో ఫ్రెంచ్ దర్శకుడు ట్రూఫోతో మాట్లాడినప్పుడు చెప్పిన బల్ల కింద బాంబు ఉదాహరణ ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. బాంబు ఉందని ముందే చెప్పకపోతే ప్రేక్షకుడికి దక్కేది పేలినప్పటి 15 సెకన్ల ఆశ్చర్యం. ముందే చూపిస్తే 15 నిమిషాల సస్పెన్స్.

మీ బాంబు ఏరియేటర్ స్టార్టర్ పెట్టె, అంటే మోటార్ని వేసి ఆపే బటన్ల పెట్టె. ఏరియేటర్లు వాటంతటవి ఆగకూడదు. ఎవరో ఆపినట్టు మనం చూడాలి, కుర్రాడు చూడకూడదు.

మొదటి షాట్ ట్రైపాడ్ మీద వైడ్: చెరువు, తిరుగుతున్న చక్రాలు, దూరంగా మకాంలో బల్బు. 12 సెకన్లు కదలకుండా ఉంచండి. తర్వాత లోపల కుర్రాడు, మంచం మీద, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, మొహం మీద ఫోన్ వెలుగు, 8 సెకన్లు. అప్పుడు స్టార్టర్ పెట్టె క్లోజప్. ఖాళీ ఫ్రేమ్ రెండు సెకన్లు, తర్వాత ఒక చెయ్యి వచ్చి ఎర్ర బటన్ నొక్కుతుంది. ఆ చేతిలో కంగారు ఉండకూడదు, రోజూ చేసే పనిలాగే నొక్కాలి.

ఆ తర్వాతి షాట్ మీద అందరికంటే ఎక్కువ టైం పెట్టండి. చక్రాలు బటన్ నొక్కగానే రెండు మూడు తిప్పులు తిరిగి ఆగిపోతాయి, నురగ మాత్రం ఇంకా తిరుగుతుంటుంది. బుడగలు ఒక్కొక్కటే పగులుతాయి. అలలు సర్దుకుని మకాం బల్బు నీడ నీళ్ళలో నిటారుగా నిలబడేదాకా కట్ చెయ్యొద్దు. 10 సెకన్లు పట్టనివ్వండి. రొయ్యల చెరువుల మధ్య పెరిగినవాడికి తెల్లవారుజామున ఆక్సిజన్ అట్టడుగుకి పడిపోతుందని, అప్పుడు ఏరియేటర్లు ఆగితే పంట చేతికి రాదని ఎవరూ చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకి స్టార్టర్ నొక్కిన చెయ్యి చాలు.

ఇప్పుడు మళ్ళీ కుర్రాడి దగ్గరికి రండి. ఇయర్‌ఫోన్లు ఉన్నాయి కాబట్టి వాడికి తెలీదు. ఫోన్ చూసి నవ్వుతాడు. ఆ నవ్వుని 7, 8 సెకన్లు భరించమనండి ప్రేక్షకుణ్ణి. మీ టెన్షనంతా ఈ షాట్‌లోనే ఉంది. పాత కట్‌లో ఇదే లేదు.

కటింగ్ విషయం: స్పీడుగా కట్ చేస్తే టెన్షన్ పుడుతుందనేది తప్పు. ఒక లెక్క అలవాటు చేసి దాన్ని విరగ్గొట్టినప్పుడు పుడుతుంది. షాట్లు 9, 8, 7, 6 సెకన్లు ఇలా కుదించుకుంటూ పోయి, కట్ రావాల్సిన చోట రాకుండా 11 సెకన్లు నిలబెట్టండి, ప్రేక్షకుడే ఫ్రేమ్ మూలలు వెతకడం మొదలెడతాడు. రెండు నిమిషాలకి 14 నుంచి 18 షాట్లు చాలు.

కెమెరా వంచడం, ముందుకి జరుగుతూ జూమ్ వెనక్కి లాగడం లాంటివి వదిలెయ్యండి. మొదటిది చూపించుకోడానికి, రెండోది స్లైడర్ (కెమెరాని సాఫీగా జరిపే పట్టా) లేకుండా కుదరదు. నల్ల హుడీ సంగతి సరేసరి. మన ఉక్కలో తెల్లవారుజామున హుడీ వేసుకుని చెరువు గట్టు మీద తిరిగేవాణ్ణి చూస్తే భయం కాదు, జాలేస్తుంది. లుంగీ, భుజాన తువ్వాలు, రబ్బరు చెప్పులు పెట్టండి. ఎవడైనా కావచ్చు అనిపించాలి.

మైకు_రాజోలు

పైన చెప్పినదంతా బాగుంది గానీ ఒక చిక్కుందండి. ఏరియేటర్లు త్రీఫేజ్ మీద తిరుగుతాయి, మకాం బల్బు సింగిల్ ఫేజ్. త్రీఫేజ్ పోయినా బల్బు వెలుగుతూనే ఉండొచ్చు. అందుకని "బల్బు వెలుగుతోంది కాబట్టి కరెంటు పోలేదు" అని మన జిల్లా ప్రేక్షకుడు అనుకోడు. ఇయర్‌ఫోన్ తీశాక కుర్రాడికి ఏం అర్థం కావాలి? ఎవరో ఆపారని. అది చెప్పేది పక్క చెరువు. గట్టు అవతల ఏరియేటర్లు ఇంకా తిరుగుతూనే ఉంటే కరెంటు పోలేదన్నమాటే. డైలాగ్ అక్కర్లేదు, రెండో శబ్దం చాలు.

అందుకే సౌండ్‌ని మొదటి నుంచీ రెండు పొరలుగా కట్టుకోండి. మన చెరువు ఏరియేటర్‌ని 3 మీటర్ల దగ్గర నుంచి ఒకసారి, పక్క చెరువుది 30, 40 మీటర్ల దూరం నుంచి ఇంకోసారి రికార్డ్ చెయ్యండి. ఒక్కోటి కనీసం 2 నిమిషాలు, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, పీక్స్ మైనస్ 12 డీబీ దాటకుండా. రికార్డర్ చేత్తో పట్టుకోవద్దు, స్టాండ్ మీద పెట్టండి. గాలికి బొచ్చు కవర్ తప్పనిసరి. గాలి కొట్టిన రికార్డింగ్‌ని ఎడిట్‌లో ఎవరూ బాగుచెయ్యలేరు. దూరం రికార్డింగ్ కుదరకపోతే దగ్గరదాన్నే కాపీ చేసి, 2500 హెర్ట్జ్ పైన కోసేసి, 18 డీబీ తగ్గించండి. దూరంగా ఉన్నట్టే వినిపిస్తుంది.

మొదటి వైడ్‌లో రెండు పొరలూ కలిసి ఒకే హోరులా ఉంటాయి, ఎవరూ విడదీసి వినరు. ఎర్ర బటన్ దగ్గర స్టార్టర్ "టక్" మంటుంది, దగ్గరి పొర పోతుంది. చక్రాలు తిరిగే రెండు మూడు తిప్పుల పాటు శబ్దం కూడా నెమ్మదించాలి, కత్తిరించినట్టు ఆగితే అబద్ధంలా ఉంటుంది. అప్పుడు అవతలి పొర బయటపడుతుంది. కుర్రాడి షాట్‌లో మాత్రం ఇయర్‌ఫోన్ పాట సన్నగా, ఇంకేమీ లేకుండా. ఒక చెవిలోంచి తీసినప్పుడు స్టీరియోలో ఆ వైపు మాత్రమే బయటి శబ్దం తెరుచుకోవాలి. వాడు తల తిప్పడానికి సగం సెకను ముందే శబ్దం రావాలి. శబ్దం ముందు, బొమ్మ వెనక: 25 ఫ్రేముల లెక్కలో 12, 13 ఫ్రేములు.

గుండె చప్పుడు తీసెయ్యండి. డ్రోన్ సౌండ్ కూడా. మీ ప్రాజెక్టు చూసేవాళ్ళలో సగం మంది ఫోన్‌లోనే చూస్తారు. 40, 50 హెర్ట్జ్‌లో మోగేది ఫోన్ స్పీకర్లో దాదాపు వినపడదు, 200 హెర్ట్జ్ కిందకి వెళ్తే వాటికి బలం ఉండదు. హెడ్‌ఫోన్లలో మీకు గది అదిరినట్టుంటుంది, వాళ్ళకి ఖాళీగా ఉంటుంది. ఏరియేటర్ నీటి చప్పుడు మధ్య స్థాయిలోనే ఉంటుంది కాబట్టి ఎక్కడైనా వినిపిస్తుంది.

ఇంకోటి, వానాకాలం అయితే వాడుకోండి. పక్కన వరి చేలో కప్పలు అరుస్తుంటాయి కదా, మనిషి నడిచి వెళ్తే ఆ పక్కన అరుపు ఆగుతుంది, దాటాక మళ్ళీ మొదలవుతుంది. కప్పల్ని నాలుగైదు వేరే ట్రాకుల్లో ఎడమ నుంచి కుడికి పరిచి, ఒక్కొక్కటీ వరసగా ఆపుతూ రండి. ఫ్రేమ్‌లో ఎవరూ కనపడరు, కానీ ఎవరో గట్టు వెంట కుర్రాడి వైపు నడుస్తున్నారని చెవికి తెలుస్తుంది. అడుగుల చప్పుడు పెట్టినదాని కంటే ఇది బాగా పనిచేస్తుంది. ఎండాకాలం షూట్ అయితే మానుకోండి, కీచురాళ్ళతో సరిపెట్టండి.

ప్రతి లొకేషన్‌లో ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఖాళీ శబ్దం రికార్డ్ చేసుకోవడం మర్చిపోకండి. కట్ల మధ్య అతుకులు దాంతోనే కప్పాలి.

రీల్_భీమవరం

పక్క చెరువు ఐడియా మాకెవరికీ తట్టలేదండి, థాంక్స్. రెండు డౌట్లు. రాత్రిపూట ఏరియేటర్లు ఆపమంటే రైతు గారు కర్ర పుచ్చుకుంటారు, ఎలా? రెండోది, చీకట్లో తీస్తే అంతా గింజలు గింజలుగా వస్తోంది. పైగా కొన్ని షాట్లలో బల్బు దగ్గర నల్ల చారలు పాకుతున్నాయి.

లైట్లు_తణుకు

రాత్రిపూట ఆపమని అడగనే అడక్కండి. మేత చల్లేటప్పుడు కొట్టుకుపోకుండా ఏరియేటర్లు ఎలాగూ ఆపుతారు. రైతు గారిని టైం అడిగి, సాయంత్రం మేత వేళకి అక్కడ ఉండండి. చక్రాలు ఆగే షాట్, నురగ షాట్ అప్పుడే, ఆయనే ఆపుతుండగా తీసుకోండి. ఎర్ర బటన్ క్లోజప్ అక్కడ వద్దు. కరెంటు కనెక్షన్ లేని స్టార్టర్ ఒకటి ఎలక్ట్రీషియన్ దగ్గర అడిగి, ఇంట్లో గోడకి బిగించి తీయండి. గట్టు మీద కేబుళ్ళు తడిలో పడుంటాయి. అతుకులున్న చోటికి, ప్యానెల్ బోర్డు దగ్గరికి యూనిట్‌లో ఎవరూ వెళ్ళకూడదు, వట్టి కాళ్ళతో అసలే తిరగకూడదు.

చీకట్లో చీకటి తియ్యకండి. సాయంత్రం తీసి తెల్లవారుజాము అనిపించండి. మన అక్షాంశంలో సూర్యుడు మునిగాక పనికొచ్చే నీలి వెలుగు ఉండేది 20 నిమిషాలు, మహా అయితే 25. వెలుగు తగ్గుతూ పోతుంది కాబట్టి ముందు వైడ్‌లు, తర్వాత మిడ్‌లు, క్లోజప్‌లు ఆఖర్న ప్యానెల్ పెట్టుకుని. రిహార్సల్ అంతా ఎండ ఉండగానే ముగించండి. ఒక్క సాయంత్రంలో అవ్వదు, రెండు మూడు సాయంత్రాలు అదే టైంకి వెళ్ళాలి. కాలువ నీళ్ళు ఫ్రేమ్‌లో ఉంటే ఆ సాయంత్రాలు ఒకే వారంలో ఉండేలా చూసుకోండి. వేసవిలో డెల్టా కాలువలు కట్టేస్తే ఒక షాట్‌లో నిండుగా, ఇంకో షాట్‌లో బురదగా కనపడుతుంది.

వైట్ బ్యాలెన్స్ ఆటోలో వద్దు. 3400 కెల్విన్ దగ్గర లాక్ చెయ్యండి. బయట నీలంగా పోతుంది, మకాం పసుపు బల్బు కాస్త వెచ్చగా నిలబడుతుంది. ఐఎస్ఓ (కెమెరా వెలుగుని పెంచి చూపే సెట్టింగ్) 1600 దాటనివ్వకండి, తప్పనిసరైతే 3200. తక్కువ ఎక్స్‌పోజర్‌లో తీసి ఎడిట్‌లో పైకి లాగితేనే ఆ గింజలు. కొంచెం వెలుగుగా తీసి ఎడిట్‌లో కిందకి దించండి.

నల్ల చారలు షటర్ వల్ల. మన కరెంటు 50 హెర్ట్జ్, దానిమీద నడిచే బల్బు సెకనుకి 100 సార్లు మినుకుతుంది. 25 ఫ్రేములు, షటర్ 1/50 పెడితే పోతాయి. మీ కెమెరా 30 ఫ్రేములు, 1/60 మీద ఉండుంటుంది, చూసుకోండి. టార్చిని తక్కువ వెలుగు మోడ్‌లో పెట్టినా చారలు రావొచ్చు, చాలా టార్చిలు ఆ మోడ్‌లో గబగబా ఆరి వెలుగుతూ ఉంటాయి. పూర్తి వెలుగులో పెట్టి అద్దం మీద ట్రేసింగ్ పేపర్ రెండు పొరలు అంటించండి.

ఫోకస్: 50 ఎంఎంని ఎఫ్ 1.8లో పెట్టి 2 మీటర్ల దూరంలో మనిషిని తీస్తే పదునుగా ఉండేది 11 సెంటీమీటర్లే. మంచం మీద కుర్రాడికి అది బాగుంటుంది. గట్టు మీద నడకకి పనికిరాదు. దానికి 18 ఎంఎం, ఎఫ్ 3.5, ఫోకస్ 5 మీటర్ల దగ్గర లాక్. రెండున్నర మీటర్ల నుంచి దూరం దాకా అంతా నిలబడుతుంది.

వెనకాల మనిషిని మాత్రం 50తో, ఎఫ్ 1.8లోనే తీయండి. కుర్రాడి మీద ఫోకస్, వాడి భుజం పక్కన అవతల ఒక మసక మచ్చ. మొదట అది కొబ్బరి మొద్దేమో అనిపించాలి. ఫోకస్ దానిమీదకి మార్చకండి. మచ్చ ఒక్క అడుగు కదిలితే చాలు, అక్కడే టైటిల్‌కి కట్.

ఏసీ కారులోంచి దిగగానే కెమెరా బయటికి తీస్తే లెన్స్ మంచు పట్టినట్టు అవుతుంది, తుడిస్తే మళ్ళీ పడుతుంది. సంచి జిప్ వేసే ఉంచి, అరగంట ముందే బయట పెట్టండి.

ఎడిట్_టేబుల్

"మచ్చ కదలాలి" అన్నదానితో నేను ఒప్పుకోనండి. కదిలితే అది మళ్ళీ పాత ఉలికిపాటే. ఆ షాట్ మొదట్లో మచ్చ ఉంటుంది, కుర్రాడు ఫ్రేమ్‌లో వంగి లేచేసరికి ఉండదు. కదలడం చూడలేదు, లేదని మాత్రం చూశాం. రెండు రకాలుగానూ తీసుకుని టేబుల్ మీద తేల్చుకోండి, కష్టమేం కాదు.

టైటిల్స్ గురించి ఎవరూ అనలేదు. పేర్లు మొదటి వైడ్‌లోనే, నీళ్ళు ఖాళీగా ఉన్న వైపు వెయ్యండి, ఒక్కోటి 3 సెకన్లు. మకాం బల్బు మీదకి పోకూడదు, కన్ను అక్కడే ఉండాలి. తెలుగు అక్షరాలకి లెటర్ స్పేసింగ్ పెంచొద్దు, ఒత్తులు, గుణింతాలు విడిపోతాయి. ఎడిటింగ్ అడోబ్ ప్రీమియర్‌లో అయితే ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ కింద టెక్స్ట్ ఇంజిన్‌ని సౌత్ ఏషియన్‌కి మార్చి, సాఫ్ట్‌వేర్ మూసి తెరవండి. అప్పటికీ ఒత్తు పక్కకి పడుతుంటే పేరుని వేరేచోట టైప్ చేసి పారదర్శక పీఎన్‌జీగా తెచ్చి పెట్టండి. లైన్ల మధ్య ఖాళీ ఇంగ్లిష్ టైటిల్‌కి ఇచ్చినదానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి, లేకపోతే పై లైను ఒత్తు కింది లైను గుడిని తాకుతుంది.