రెండు అద్దాలు అతికిస్తే ఒకటేనా? గ్లాస్ ఫిన్ బక్లింగ్ మీద ఒక గొడవ

కొత్త_ఇంజనీర్:
హైదరాబాద్‌లో ఒక షోరూమ్‌కి ముందు గోడంతా అద్దమే. దానికి లోపలివైపు 4 మీటర్ల ఎత్తు, 300 ఎంఎం లోతు గ్లాస్ ఫిన్లు, అంటే గాలికి గోడ వంగకుండా ఆపే నిలువు అద్దపు పట్టీలు. 10 ఎంఎం అద్దాలు రెండు, మధ్యలో వాటిని అతికించే పీవీబీ అనే ప్లాస్టిక్ పొర. "టఫెన్డ్ అండీ, బక్లింగ్ రాదు" అంటున్నాడు వెండర్. లెక్కలో మాత్రం 20 ఎంఎం ఒకే అద్దం అని వేసుకున్నాడు. ఒప్పుకోవచ్చా?

లెక్కల_మాస్టారు:
మొదటి మాటే తప్పు. టఫెన్ చేస్తే, అంటే బాగా వేడి చేసి ఒక్కసారిగా చల్లారిస్తే, బలం పెరుగుతుంది, స్టిఫ్‌నెస్ పెరగదు. మామూలు అద్దమైనా, టఫెన్డ్ అయినా స్టిఫ్‌నెస్‌ని చెప్పే యంగ్స్ మాడ్యులస్ 70 జీపీఏనే. ప్లాస్టిక్ స్కేలు బల్ల మీద నిలబెట్టి అరచేత్తో నొక్కండి. విరగదు, పక్కకి తప్పుకుంటుంది. బక్లింగ్ అంటే అదే. ఇక మందం: పక్కకి వంగకుండా ఆపే స్టిఫ్‌నెస్ దాని ఘనాన్ని బట్టి ఉంటుంది. 20 ఘనం 8000. రెండు పదులు విడివిడిగా అయితే 2000. పొర జారితే మిగిలేది పావు వంతే.

ఫసాడ్‌వాలా:
మాస్టారూ, మరీ భయపెట్టకండి. మన కోడ్‌లో గాలి లెక్క 3 సెకన్ల గస్ట్‌ది, అంటే ఒక్కసారిగా విసిరే గాలిది. అంతసేపు పీవీబీ పట్టుకుంటుంది. పైగా ఫిన్‌ని గోడ అద్దానికి అతికించిన సిలికాన్ దాని అంచుని పట్టుకునే ఉంటుంది కదా.

లెక్కల_మాస్టారు:
ఏ అంచుని? గాలి లోపలికి తోస్తే కంప్రెషన్ (నొక్కుడు) సిలికాన్ ఉన్న అంచులోనే, సరే. బయటికి లాగినప్పుడు కంప్రెషన్ లోపలి అంచుకి వస్తుంది. దాన్ని పట్టుకునేవాడు లేడు. పీవీబీ బెల్లం పాకం లాంటిది. చల్లగా ఉంటే ఉండపాకం, 50 డిగ్రీల్లో లేతపాకం. 3 సెకన్లైనా జారుతుంది. మన దగ్గర గాలివాన వచ్చేది మే నెలలో ఎండ మండిన సాయంత్రమే.

ఫసాడ్‌వాలా:
ఫిన్ ఏసీలో ఉంటే 50 ఎక్కడిది?

సైట్_సూపర్‌వైజర్:
అన్నా, షాపు మూసిన రోజు ఏసీ ఎవరు వేస్తారు? మా సైట్‌లో పడమటివైపు ఫిన్ మీద మధ్యాహ్నం మూడింటికి చెయ్యి ఆనించలేకపోయాను.

ఫసాడ్‌వాలా:
సరే, మరీ పావు వంతు కాదు గానీ, వేడిలో పొర షియర్ మాడ్యులస్, అంటే జారకుండా ఆపే గట్టిదనం, ఎంతో తీసుకుని లెక్కేద్దాం. చాలకపోతే పీవీబీ కంటే గట్టి ప్లాస్టిక్ అయిన అయానోప్లాస్ట్ పొర. రేటు చూసి క్లయింట్ నన్నే తిడతాడు.

కొత్త_ఇంజనీర్:
50 డిగ్రీల దగ్గర ఆ విలువ పంపమని వెండర్‌ని అడిగాను. టఫెనింగ్ సర్టిఫికెట్ పంపాడు.