1960ల టోక్యో కార్మికులు పాటలు ఎలా వినేవారో ఎవరైనా చెప్పగలరా?

అందరికీ నమస్కారం. జపాన్‌లో ఉంటున్నవాళ్లు, జపనీస్ చదవడం వచ్చినవాళ్లు కాస్త సాయం చేయాలి.

1950, 60లలో జూనియర్ హైస్కూలు అవగానే ఈశాన్య జపాన్ పల్లెల పిల్లల్ని ప్రత్యేక రైళ్లలో గుంపులుగా టోక్యో ఉయెనో స్టేషన్‌కి తెచ్చి, చిన్న ఫ్యాక్టరీల్లో, దుకాణాల్లో పనికి పెట్టేవారు. పదిహేనేళ్ల పిల్లలు! వాళ్లని ‘బంగారు గుడ్లు’ అనేవారు. 1964లో ఇజావా హచిరో పాడిన ‘ఆఁ ఉయెనో ఎకి’ (ఎకి అంటే స్టేషన్) వాళ్ల పాటే. స్టేషన్ దగ్గర దానికి స్మారకం కూడా ఉంది.

హిట్ పాటల లిస్టులు ఎక్కడైనా దొరుకుతాయి. ఆ పిల్లల రోజువారీ బతుకులో పాట ఎక్కడుండేదో తెలుసుకోవాలని నా ఆరాటం. పనిచేసేచోట రేడియో పెట్టనిచ్చేవారా? రాత్రి గదిలో కలిసి పాడుకునేవారా?

టోక్యోలోని షింజుకు లాంటి చోట్ల ‘ఉతగోఎ కిస్సా’ అనే పాటల కాఫీ షాపులు ఉండేవి. అకార్డియన్ వాయిస్తుంటే, చిన్న పాటల పుస్తకం చేతపట్టుకుని ముక్కూమొహం తెలియనివాళ్లంతా గొంతు కలిపేవారు. రష్యన్ జానపదాలూ పాడేవారు. ఊరొదిలి వచ్చినవాళ్లకి అదెంత ఊరటో! కానీ అక్కడి కాఫీ ధర వాళ్ల జీతానికి అందేదా?

అలాంటి పాటల పుస్తకాలు టోక్యోలోని జింబోచో పాత పుస్తకాల షాపుల్లో దొరుకుతాయా? మీ పక్కింట్లో ఆ తరం పెద్దవాళ్లుంటే దయచేసి అడిగి చెప్పండి. ఒక్క జ్ఞాపకమైనా చాలు. జపనీస్‌లో ఉన్నా పంపండి, అనువాదం చేయించుకుంటాను.