పెన్-ఎఫ్‌ను అమ్మాలా, ఉంచుకోవాలా?

ప్రశ్న:
ఒలింపస్ 2016లో తెచ్చిన పెన్-ఎఫ్ కెమెరాను ఇప్పటికీ వాడుతున్నాను. తయారీ ఎప్పుడో ఆగిపోయినా, 1963 నాటి ఫిల్మ్ పెన్-ఎఫ్‌ను తలపించే ఆ రూపాన్నీ, ఎక్కడా స్క్రూ కనబడని ఆ బాడీనీ చూస్తే అమ్మబుద్ధి కావడం లేదు. 17, 45 ఎంఎం లెన్సులు కూడా ఉన్నాయి. కొత్త బాడీకి మారడం మేలా? వాడినవారు దయచేసి చెప్పండి.

సమాధానం 1:
అమ్మకండి. ముందువైపు డయల్‌ను మోనోకు తిప్పి, నలుపు తెలుపుల గాఢతనూ గ్రెయిన్‌నూ (ఫిల్మ్ ఫొటోలో కనిపించే సన్నని గరుకుదనం) వ్యూఫైండర్‌లోనే సరిచూసుకుంటూ ఫొటో తీయడానికి అలవాటుపడినవారికి మెనూల్లో వెతుక్కోవడం రుచించదు. 17 ఎంఎం ఎఫ్1.8 లెన్సులో ఫోకస్ రింగును వెనక్కి లాగగానే దూరాల కొలత బయటపడి మాన్యువల్ ఫోకస్ వచ్చేస్తుంది. ముందే రెండు మీటర్లకు పెట్టుకుంటే వీధిలో ఫోకస్ కోసం ఆగనక్కరలేదు. 45కు ఆ సౌకర్యం లేదు గానీ, పోర్ట్రెయిట్లకు నాకు అదే ఇష్టం.

సమాధానం 2:
అభిమానం సరేనండి, కానీ ఈ బాడీకి వెదర్ సీలింగ్ లేదు. వానలో బయటకు తీయకండి. బాడీ సంగతి ఎలా ఉన్నా లెన్సులను మాత్రం వదులుకోవద్దు. అవి మైక్రో ఫోర్ థర్డ్స్ మౌంట్‌వి (మౌంట్ అంటే లెన్సును కెమెరాకు బిగించే అమరిక) కనుక, రేపు ఇది పాడైనా ఓఎం సిస్టమ్ (ఒలింపస్ కెమెరాల ఇప్పటి బ్రాండు), పానాసోనిక్‌ల అదే మౌంట్ కెమెరాలకు నేరుగా అమరుతాయి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. అయితే అమ్మడం మానేసి, అదనంగా ఒక బీఎల్ఎన్-1 బ్యాటరీ చూసుకుంటాను.