ఫంగస్ ఇంకా వాగులోనే ఉంది: పనామా బంగారు కప్పల్ని ఇప్పుడే అడవికి వదలాలా?

నల్లమల నీడ

కొన్నాళ్లుగా ఈ విషయం చదువుతున్నాను. మీ అందరి అభిప్రాయం కావాలి. తెలియనివారి కోసం ముందు కాస్త నేపథ్యం.

అటెలోపస్ అనే కప్పల ప్రజాతి ఒకటుంది. హార్లెక్విన్ కప్పలు అంటారు. మన పెరట్లో తిరిగే గోదురు కప్పల కుటుంబమే, కానీ చూస్తే ఎవరూ నమ్మరు. పసుపు, నారింజ, ఊదా, ఆకుపచ్చ, వాటి మీద నల్లటి చారలు, మచ్చలు. కోస్టారికా నుంచి బొలీవియా దాకా సుమారు వంద జాతులున్నాయి. పట్టపగలే తిరుగుతాయి. పెద్దగా గెంతవు, తాపీగా నడుస్తాయి. చర్మంలో విషం ఉంది కాబట్టి వాటికి దాక్కోవలసిన పని లేదు. పిల్లల పొట్ట కింద రాయికి అతుక్కునే పట్టు ఉంటుంది. కొండవాగు ఎంత వడిగా పారినా కొట్టుకుపోవు.

వీటిలో పనామా బంగారు కప్పది ప్రత్యేక స్థానం. వాగు హోరులో కూత వినబడదు కాబట్టి ముందుకాలు ఎత్తి ఊపుతూ తోటి కప్పలకు సైగ చేస్తుంది. పనామావాళ్లకు అది అదృష్ట చిహ్నం, లాటరీ టికెట్ల మీద కూడా దాని బొమ్మ వేశారు. ఏటా ఆగస్టు 14న దాని పేరిట జాతీయ దినం జరుపుతారు. ఆ కప్ప 2009 తర్వాత దాని సొంత వాగుల్లో కనబడలేదు.

కారణం కైట్రిడ్ అనే ఫంగస్. శాస్త్రవేత్తలు దానికి పేరు పెట్టిందే 1999లో. అప్పటికే అది కోస్టారికా కొండల్ని ఖాళీ చేసి పనామాలోకి దిగింది. 2004లో ఎల్ కోపే, 2006లో ఎల్ వాయే అనే పనామా కొండప్రాంతాలకు చేరింది. ఒక్కో కొండ దాటుకుంటూ తూర్పుకు వచ్చింది. వస్తోందని ముందే పసిగట్టినవాళ్లు దొరికినన్ని కప్పల్ని పట్టి దాచారు. పెట్టడానికి చోటు లేక ఎల్ వాయేలో ఒక హోటల్ గదుల్లో కూడా ఉంచారు. ఈ రోజు అమెరికా జూల్లో, పనామా కేంద్రాల్లో వాటి సంతతి వెయ్యికి పైగా ఉంది.

నా అభిప్రాయం ఇది. మందు దొరికేదాకా ఆగుదాం అంటే ఎప్పటికీ వదలం. మిగులు కప్పల్ని కొద్దికొద్దిగా, జాగ్రత్తగా వదలడం ఇప్పుడే మొదలుపెట్టాలి.

గ్రామీణ పశువైద్యుడు

నేను ఒప్పుకోను. జబ్బు అక్కడే ఉందని తెలిసీ రోగనిరోధకత లేని జంతువుని అందులోకి పంపడం వైద్యం కాదు.

ఈ ఫంగస్ ఎలా చంపుతుందో చూడండి. కప్ప చర్మంతోనే నీరు తాగుతుంది, చాలావరకు చర్మంతోనే ఊపిరి తీసుకుంటుంది, ఒంట్లోని లవణాల్ని కాపాడేదీ ఆ చర్మమే. ఫంగస్ పట్టాక సోడియం, పొటాషియం పడిపోయి చివరికి గుండె ఆగిపోతుంది. 2009లో దీన్ని ప్రయోగాల్లో నిరూపించారు. జూలో అయితే మందు నీళ్లలో ముంచి ఫంగస్‌ని వదిలించవచ్చు. వాగుకి మందు వేయలేం కదా? పైగా అదే వాగులో ఈ ఫంగస్‌ని మోస్తూ కూడా చావని ఇతర కప్పలున్నాయి. బంగారు కప్ప ఒక్కటీ లేకపోయినా జబ్బు అక్కడే కాపురం ఉంటుంది.

మన రాబందుల సంగతి గుర్తు చేసుకోండి. పశువులకు వాడే డైక్లోఫెనాక్ వాటి మూత్రపిండాల్ని పాడుచేస్తోందని తేలాక 2006లో ఆ మందుని నిషేధించారు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు గానీ కేంద్రాల్లో పెంచిన రాబందుల్ని ఆకాశంలోకి వదలలేదు. ముందు కారణాన్ని తొలగించాలి, తర్వాతే విడుదల. ఇక్కడ కారణం చెక్కుచెదరకుండా ఉంది.

బాల్టిమోర్ పద్మ

డాక్టరు గారూ, మీ బాధ నాకు అర్థమవుతోంది. కానీ ఆగడం వల్ల కూడా నష్టం ఉంది.

మా ఊళ్లోని మేరీల్యాండ్ జూ ఈ కప్పల్ని పెంచడంలో ముందున్న సంస్థల్లో ఒకటి. పిల్లల్ని తీసుకుని చాలాసార్లు చూడటానికి వెళ్లాను. అద్దం వెనక నాచు మీద మెరిసిపోతూ కూర్చుంటాయి. అక్కడి సిబ్బంది శ్రద్ధ చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. అయినా గాజుపెట్టెలో పుట్టిన కప్ప అడవి కప్పతో సమానం కాదు. ఈ ప్రజాతి కప్పల చర్మంలో టెట్రోడోటాక్సిన్ ఉంటుంది, పఫర్ చేపలో ఉండే విషమే. బంగారు కప్పకు దగ్గరి చుట్టమైన అటెలోపస్ వేరియస్‌ని పుట్టినప్పటి నుంచీ మనుషులు పెంచితే ఆ విషమే కనబడలేదని 1990ల్లోనే తేలింది. పాము నోట్లో పడకుండా కాపాడే ఆయుధం పోయినట్టే కదా. ఇంకో ఇరవై ఏళ్లు ఆగితే ఇంకేం పోతాయో ఎవరు చెప్పగలరు? తరం మారేకొద్దీ పెట్టెలో బతకడానికి పనికొచ్చే గుణాలే మిగులుతాయి.

ఇంకో ముఖ్యమైన సంగతి. పనామాలో కొన్ని జాతులు మళ్లీ కనబడుతున్నాయి, ఆ వేరియస్‌తో సహా. ఫంగస్ బలహీనపడిందేమో అని పరీక్షించి 2018లో ఫలితాలు ప్రచురించారు. బలహీనపడలేదు, అంతే ప్రమాదకరంగా ఉంది. మారింది కప్పలే. జబ్బుని తట్టుకుని అడవిలో మిగిలిన కప్పల చర్మస్రావం ఫంగస్‌ని బాగా అడ్డుకుంది. జబ్బు ముఖం చూడని, జూలో పెరిగిన కప్పల స్రావం అంతగా అడ్డుకోలేదు. పెట్టెలో ఉంచి జబ్బుని తట్టుకునే తరాన్ని తయారుచేయలేం.

గ్రామీణ పశువైద్యుడు

పద్మ గారూ, ఆ ఫలితం నా వాదనకే బలం. అడవిలో మిగిలిన నాలుగు కప్పలు ఎంతో ప్రాణనష్టం తర్వాత ఆ శక్తిని సంపాదించుకున్నాయి. వాటి మధ్యలోకి జబ్బు తెలియని జూ కప్పల్ని వందలకొద్దీ వదిలి, రెండూ జతకడితే ఆ శక్తి పలచబడదా? బతికి ఉన్నవాటికి అపకారం చేసినవాళ్లమవుతాం.

కోనసీమ రైతుబిడ్డ

చదువుతున్నాను, బాగుంది. మనస్ఫూర్తిగా అడుగుతున్నాను, తప్పుగా అనుకోకండి. ఒక్క కప్ప కోసం ఇన్ని దేశాలు, ఇంత డబ్బా? అది లేకపోతే అక్కడి మనుషులకు ఏమవుతుంది?

నల్లమల నీడ

అడగాల్సిన ప్రశ్నే అడిగారు. ఎల్ కోపేలో కప్పలు పోకముందూ పోయాకా లెక్కలు తీసి ఉంచారు కాబట్టి జవాబు చెప్పగలం. కప్పపిల్లలు రాళ్ల మీది పాచిని మేస్తాయి. అవి పోయాక వాగుల్లో పాచి పేరుకుపోయింది. తర్వాత పాముల వంతు. ఎన్ని రకాలు ఉండేవో అన్ని లేవు, దొరికినవి చాలా మటుకు బక్కచిక్కి ఉన్నాయి. ఈ సంగతి 2020లో బయటికొచ్చింది.

మనుషుల మాటకొస్తే, కోస్టారికా, పనామాల్లో కప్పలు పోయిన ప్రాంతాల్లో ఆ తర్వాత కొన్నేళ్లపాటు మలేరియా కేసులు పెరిగాయని 2022లో ఒక విశ్లేషణ వచ్చింది. దోమ పిల్లల్ని తినేవి తగ్గాయి కాబట్టి దోమలు పెరిగి ఉండాలి. పొలంలో కప్పలు చేసే పని మీకు నేను చెప్పక్కర్లేదు.

కోనసీమ రైతుబిడ్డ

మలేరియా సంగతి నాకు తెలియదు. మరి ఆ ఫంగస్ మన దేశంలో లేదా?

బాల్టిమోర్ పద్మ

ఉందండి. పడమటి కనుమల్లో ఎప్పుడో దొరికింది. మన హైదరాబాద్ సీసీఎంబీ (జీవశాస్త్ర పరిశోధన సంస్థ) వాళ్లు ఇక్కడి కప్పల్లో దాన్ని సరిగ్గా పట్టుకునే పరీక్ష కూడా రూపొందించారు. అయితే అక్కడిలాగా గుంపులుగా చావడం మన దగ్గర కనబడలేదు. ఈ ఫంగస్ పుట్టిల్లు తూర్పు ఆసియా అని 2018లో జన్యు పరీక్షలు చెప్పాయి. మన కప్పలకు దీంతో పాత పరిచయం ఉండి ఉండవచ్చు. కప్పల వ్యాపారంతో సముద్రాలు దాటి, దాన్ని ఎప్పుడూ చూడని మధ్య, దక్షిణ అమెరికా కప్పల మీద పడింది.

అమరాబాద్ మాస్టారు

అందరూ వదలాలా వద్దా అంటున్నారు, ఎక్కడ వదులుతున్నారో ఎవరూ అడగడం లేదు.

జంతువుల్ని వదలడానికి నేను వ్యతిరేకిని కాదు. జూలో పెంచిన మూషిక జింకల్ని 2017లో మా అమరాబాద్ అడవిలోనే వదిలారు, సంతోషించాను. ఇక 2018 జనవరిలో పనామాలో సుమారు 500 వేరియస్ కప్పల్ని వదిలారు. చోటు కోలోన్ రాష్ట్రంలో కోబ్రే పనామా రాగి గనికి ఇచ్చిన భూమి. ఖర్చులో గని కంపెనీ సాయం ఉంది. అదే గని మీద దేశమంతా రోడ్డెక్కింది, 2023లో వాళ్ల సుప్రీంకోర్టు ఆ ఒప్పందాన్నే కొట్టేసింది. శాస్త్రవేత్తల నిజాయితీని నేను శంకించడం లేదు. కానీ ఒకపక్క కొండ తవ్వుతూ ఇంకోపక్క కప్పలు వదిలితే కంపెనీకి మంచి పేరొస్తుంది, వాగుకి ఏమొస్తుంది?

ఈక్వడోర్‌లో ఇంటాగ్ లోయ సంగతి చూడండి. ఇక లేదనుకున్న పొడవుముక్కు హార్లెక్విన్ కప్ప 2016లో అక్కడ మళ్లీ దొరికింది. అక్కడా రాగి గని తవ్వబోయారు. ఊరివాళ్లు కోర్టుకెక్కారు, 2023లో కోర్టు గనిని ఆపింది. ఊరివాళ్లే వాగుని నిలబెట్టారు.

కొలంబియా ఇంకా మంచి ఉదాహరణ. సియెర్రా నెవాడా కొండల్లో నల్లటి ఒంటి మీద తెల్ల చుక్కలున్న జాతి ఒకటుంది. దాదాపు ముప్పై ఏళ్లుగా శాస్త్రవేత్తల కంటపడలేదు. కానీ సోగ్రోమే ఊళ్లోని అరువాకో ఆదివాసులకు అది ఎప్పుడూ కనబడుతూనే ఉంది. వాళ్లకు అది పవిత్రం. ఏళ్ల తరబడి మాట్లాడి, నమ్మకం కుదిరాక 2019లో కప్ప దగ్గరికి తీసుకెళ్లారు. మొదటిసారి ఫోటో కూడా తీయనివ్వలేదు. మా చెంచులు అడవిని చూసే తీరు తెలిసినవాణ్ని కాబట్టి ఇది నాకు బాగా అర్థమవుతుంది. గాజుపెట్టెలకు పెట్టే ఖర్చులో సగం ఇలాంటి ఊళ్లకు ఇవ్వాలి.

నల్లమల నీడ

మాస్టారూ, ఇంటాగ్, సోగ్రోమే రెండింటికీ నమస్కారం పెడతాను. అయితే అవి కప్ప ఇంకా బతికి ఉన్నచోట్లు. బంగారు కప్ప విషయంలో కాపాడటానికి అడవిలో ఏదీ మిగల్లేదు. ఎల్ వాయే చుట్టూ అడవి ఉంది, వాగులున్నాయి, కప్ప లేదు. పెట్టెల ఖర్చు సగానికి తగ్గిస్తే ఆ జాతి ఉన్న ఒకే ఒక్క చోటు పోతుంది.

ఈక్వడోర్‌లోనే నల్ల జంబాటో అనే హార్లెక్విన్ కప్ప కథ చూడండి. ఒకప్పుడు కీటో చుట్టుపక్కల కొండల్లో దారి పొడుగునా కాలికి తగిలేంతగా ఉండేది. 1988 తర్వాత కనబడలేదు. ఎక్కడైనా చూసినవారికి బహుమతి అని ప్రకటిస్తే, 2016లో అంగమార్కా ప్రాంతంలో ఒక పిల్లవాడు కనిపెట్టాడు. దొరికిన వెంటనే కొన్నింటిని కేంద్రానికి తెచ్చి పెంచడం మొదలుపెట్టారు. అడవి, పెట్టె రెండూ కావాలని వాళ్లు అప్పుడే తేల్చుకున్నారు.

డాక్టరు గారు చెప్పిన జతకట్టే భయం న్యాయమైనదే. వేరియస్ మిగిలి ఉన్న వాగుల్లో జూ కప్పల్ని వదలకూడదు, ఒప్పుకుంటాను. బంగారు కప్ప పాత వాగుల్లో జతకట్టి పాడుచేయడానికి ఎవరున్నారు?

విజయనగరం వాసవి

నాది చిన్న మాట. ఆ 500 కప్పల్లో ఎన్ని నెమ్మదిగా ఒళ్లు బిగుసుకుని చచ్చిపోయి ఉంటాయో అని నిద్ర పట్టడం లేదు. జాతి బతకాలని ఒక్కో ప్రాణిని ఇలా పంపడం సరైనదేనా?

గ్రామీణ పశువైద్యుడు

వాసవి గారూ, నా మనసులో ఉన్నదీ అదే. అందుకే షరతులు పెట్టమంటున్నాను.

ఈ ఫంగస్‌కి చల్లదనం ఇష్టం. 17 నుంచి 25 డిగ్రీల మధ్య బాగా పెరుగుతుంది, 30 దాటితే చచ్చిపోతుంది. ఎండ తగిలే, ఎత్తు తక్కువైన వాగులు వెతికి అక్కడ మాత్రమే ప్రయత్నించాలి. ముందు వాగు ఒడ్డునే వలపంజరాల్లో ఉంచి చూడాలి, చర్మం మీద ఫంగస్ ఎంత ఉందో తరచూ పరీక్షించాలి. 2017లో పనామాలో లిమోసస్ అనే మరో హార్లెక్విన్ జాతి కప్పలు 90 వదిలినప్పుడు కొన్నింటికి చిన్న రేడియో ట్రాన్స్‌మిటర్లు కట్టారు, అలా ప్రతిసారీ జాడ తీయాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఎన్ని చనిపోతే ఆ ప్రయత్నం ఆపేస్తారో వదలకముందే రాసి పెట్టుకోవాలి. ఆసుపత్రిలో కొత్త మందు పరీక్షించేటప్పుడు ఆ నియమం ఉంటుంది. ఇక్కడ ఎందుకు ఉండకూడదు?

బాల్టిమోర్ పద్మ

పంజరాల షరతు నాకు సమ్మతమే. ఆపేసే లెక్క దగ్గర మాత్రం నాకు భయం. అడవిలో మిగిలిన కప్పలు తట్టుకునే శక్తి సంపాదించుకున్నది ఎక్కువ భాగం చచ్చాకనే కదా. సగం చావగానే ఆపేస్తే, ఆ తట్టుకునే నాలుగైదు ఎప్పుడు బయటపడతాయి? వాసవి గారికి ఇది కఠినంగా వినిపిస్తుందని తెలుసు.

విజయనగరం వాసవి

కఠినంగానే ఉందండి. చచ్చిన ప్రతి కప్పనీ తీసి, ఎందుకు చనిపోయిందో పరీక్షించి అందరికీ చెబుతారంటే ఒప్పుకుంటాను. ఊరికే వదిలేసి లెక్క తెలియదంటే ఒప్పుకోను.

అమరాబాద్ మాస్టారు

నాదీ ఒక షరతు రాసుకోండి. గని భూమిలో వద్దు. ఎల్ వాయే ఊరివాళ్ల వాగుల్లో, వాళ్లు సరేనన్నాక.

నల్లమల నీడ

మాస్టారూ, ఊరి అనుమతి షరతు తప్పక ఉండాలి. కానీ ఎల్ వాయే కొండమీది ఊరు, చల్లగా ఉంటుంది. డాక్టరు గారు అడిగే వెచ్చని వాగులు కిందెక్కడో దొరుకుతాయి. రెండు షరతులూ ఒకేచోట కుదరకపోతే దేన్ని ముందు పెడదాం?

గ్రామీణ పశువైద్యుడు

వెచ్చని వాగునే. కింద కూడా ఊళ్లుంటాయి, వాళ్లని అడగవచ్చు.