కొల్లేరు అంచున సొంత చెరువు మీద డ్రోన్: అనుమతి ఎవరిని అడగాలి?

కొల్లేరు అభయారణ్యం హద్దు బయట మాకు చేపల చెరువు ఉంది. గట్టు ఎక్కడెక్కడ కోసుకుపోయిందో పైనుంచి వీడియో తీయాలి. డ్రోన్ బరువు 249 గ్రాములు, అంటే నానో రకం. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం దీనికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో మా చెరువు గ్రీన్ జోన్‌లోనే, అంటే ముందస్తు అనుమతి అక్కర్లేని చోటే ఉంది.

పోయిన ఆదివారం ఉదయం ఆరున్నరకి 40 మీటర్ల ఎత్తులో ఎగరేశాను. రెండు నిమిషాలు కాలేదు, దూరంగా చెట్ల మీదున్న గూడబాతులు ఒక్కసారిగా లేచాయి. వెంటనే దించేశాను. ఒక పక్షి గూటి మీదే రెక్కలు సగం విప్పి నిలబడిపోయింది. పిల్లలున్న గూడేమో! అది చూశాక మళ్లీ ఎగరేయడానికి చెయ్యి రాలేదు.

మ్యాప్‌లో గ్రీన్ అని ఉంటే విమానాల సంగతి తేలినట్టే గానీ, 1972 వన్యప్రాణి చట్టం సంగతి తేలినట్టు కాదు కదా. అటవీ శాఖ ఆఫీసుకి రెండుసార్లు వెళ్లాను. ఒకరు హద్దు బయటైతే పర్వాలేదన్నారు, ఇంకొకరు పైనుంచి లెటర్ తెమ్మన్నారు. అర్జీ ఇచ్చి 18 రోజులైంది, జవాబు లేదు. పొడవాటి కర్రకి ఫోన్ కట్టి కూడా చూశాను, గట్టు అవతలి వైపు కనపడలేదు.

గూళ్ల కాలం అయ్యేదాకా ఆగడానికి నేను సిద్ధమే. అభయారణ్యం పక్కన, హద్దు బయట సొంత భూమిలో డ్రోన్ ఎగరేయడానికి మీలో ఎవరైనా రాతపూర్వక అనుమతి తీసుకుని ఉంటే, ఏ స్థాయి అధికారి పేరున అర్జీ పెట్టారు?