మియాటా వెనక ఆయిల్ కారుతోంది, ఇంట్లో చేసుకోవచ్చా?

డల్లాస్_శీను: నాది 1992 మాజ్దా మియాటా, 1.6 ఇంజిన్. గరాజ్‌లో అట్ట పరిస్తే తెల్లారేసరికి అరచేతంత మరక. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట తడి. షాపులో రియర్ మెయిన్ సీల్ (ఇంజిన్ వెనక క్రాంక్ షాఫ్ట్ చుట్టూ ఉండే ఆయిల్ సీల్) పోయిందన్నారు, గేర్‌బాక్స్ దించాలట, 1400 డాలర్లు. నేనే చేసుకోగలనా?

నట్టుబోల్టు: సీల్ కాకపోవచ్చు. ఈ కార్లకు ఇంజిన్ హెడ్ వెనక కామ్ యాంగిల్ సెన్సార్ ఉంటుంది, స్పార్క్ ఎప్పుడు పడాలో దాన్ని బట్టే. దాని ఓ-రింగ్ (ఆయిల్ ఆపే రబ్బరు రింగ్) గట్టిపడితే ఆయిల్ ఇంజిన్ వెనకనుంచి జారి బెల్ హౌసింగ్ (ఇంజిన్‌కి బిగించే గేర్‌బాక్స్ ముందు భాగం) మీదికి వస్తుంది. ఇంజిన్ చల్లారాక సెన్సార్ కింద వేలు పెట్టి చూడండి, తడి ఉంటే దొంగ దొరికినట్టే. ఒక్క బోల్టు, 12 స్పానర్. షాపులన్నీ ఇంతే, నా దగ్గర వాల్వ్ కవర్ గాస్కెట్‌కి 600 గుంజారు.

ఆటోనగర్_కుర్రాడు: జాకీ మీద కారు లేపి కింద దూరతారు మీలాంటివాళ్లు. స్టాండ్లు లేకుండా చేయొద్దు.

నట్టుబోల్టు: ఇది బానెట్ తెరిచి పైనుంచి చేసే పని. జాకీ ఎవరడిగారు?

గుంటూరు_గోపి: చిక్కటి ఆయిల్, 20డబ్ల్యూ-50 పోయండి, కారడం ఆగుతుంది.

నట్టుబోల్టు: గోపీ, దయచేసి. శీను గారూ, తీసే ముందు సెన్సార్ ఉన్న చోట గీత పెట్టండి. అది తిరిగితే ఇగ్నిషన్ టైమింగ్ మారుతుంది. బిగించాక బానెట్ కింద డయాగ్నసిస్ డబ్బాలో టెన్ (TEN), గ్రౌండ్ (GND) అనే పిన్నులు వైరుతో కలిపి టైమింగ్ లైట్‌తో 10 డిగ్రీలు చూసుకోండి.

ఫ్రిస్కో_రమణి: సుద్దతో గీస్తే ఆయిల్‌కి చెరిగిపోతుంది. నెయిల్ పాలిష్ వాడండి.

ఆటోనగర్_కుర్రాడు: జాకీ విషయం ఊరికే అనలేదు. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో 28 ఏళ్లు మెకానిక్. జాకీ జారి రెండు వేళ్లు పోయాయి. మీకిది ఆదివారం సరదా.

నట్టుబోల్టు: మీ నాన్నగారంటే గౌరవమే. కానీ 1400 అడిగినవాడు ఒక గుడ్డతో తుడిచి, కాసేపు నడిపి మళ్లీ చూశాడా? అది మోసం కాదా?

ఆటోనగర్_కుర్రాడు: లిఫ్ట్ మీద కిందనుంచి చూసేవాడికి బెల్ హౌసింగే కనబడుతుంది. పొరపాటు వేరు, దొంగతనం వేరు. ఆ తుడిచి చూసే గంటకు ఎవరిస్తారండీ డబ్బు? చెకింగ్‌కి 120 అంటే "పని చేయకుండానే?" అని గొడవ. గంటకు ఇంతని సాఫ్ట్‌వేర్ కోడ్‌కి బిల్లు వేసేది మీరే, మా నాన్న గంటకు బేరమాడేదీ మీరే.

నట్టుబోల్టు: ...నేను నిజంగానే ఆ ఫీజు ఇవ్వనన్నాను. అయినా 600 ఎక్కువే.

ఫ్రిస్కో_రమణి: పాత ఇంజిన్‌కి పీసీవీ వాల్వ్ (ఇంజిన్ లోపలి ఆవిర్లను బయటికి పోనిచ్చేది) కూడా చూడండి. అది మూసుకుపోతే లోపల ప్రెషర్ పెరిగి కొత్త రింగ్ కూడా తడుస్తుంది.

డల్లాస్_శీను: శనివారం చేశా. మా ఆవిడ ఎర్ర నెయిల్ పాలిష్‌తో గీత పెట్టా. ఫైర్‌వాల్‌కీ ఇంజిన్‌కీ మధ్య చెయ్యి పట్టక మణికట్టు గీరుకుపోయింది. పాత రింగ్ చదునై, గోరు తగలగానే పుటుక్కున విరిగింది. టైమింగ్ 10. కానీ ఈ పొద్దున అట్ట మీద మళ్లీ ఒక చుక్క.

ఆటోనగర్_కుర్రాడు: బెల్ హౌసింగ్ తుడిచారా? పాత ఆయిల్ ఇంకా వారం దాకా కారుతుంది.

గుంటూరు_గోపి: అట్ట మార్చారా అసలు?

డల్లాస్_శీను: లేదు 😐